అన్నం ఉడికినా చావని సూక్ష్మజీవి!

ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున నడక ముగించి, తార్నాక మీదుగా ఉప్పల్ వైపు వెళ్తుంటారా? దారిలో హబ్సిగూడలో సీసీఎంబీ కనిపిస్తుంది. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ 20-41 కిలోమీటర్ల ఎత్తున పట్టితెచ్చిన గాలిని ఇక్కడా, పుణెలోనూ పరీక్షించారు. అందులో మూడు కొత్త బ్యాక్టీరియాలు దొరికాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఆర్యభట్ట పేరు, మరోదానికి ఇస్రో పేరు పెట్టారు. అతినీలలోహిత కిరణాలను ఇవి తమ దగ్గరి చుట్టాల కన్నా ఎక్కువగా తట్టుకుంటాయి.

మనకెందుకు అంటారా? ఆ రెండింటినీ అప్పట్లో చేర్చింది బాసిల్లస్ వర్గంలో. అదే వర్గంలోని బాసిల్లస్ సెరియస్ మన బియ్యంలోనూ ఉండొచ్చు. గట్టి పొర కప్పుకొని, స్పోర్ల రూపంలో అన్నం ఉడికినా బతికేస్తుంది. అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే మళ్లీ పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. వాంతులు తెప్పించే ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు.

అందుకే మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చండి. రెండు గంటల్లోపే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రంతా గట్టు మీదున్న అన్నాన్ని పొద్దున్నే పోపు పెట్టి పిల్లల బాక్సులో సర్దొద్దు. తిన్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ తాగించండి. తగ్గకపోతే వెంటనే డాక్టర్‌కు చూపించండి.