పిల్లల టెన్నిస్ రాకెట్‌కు ఏ స్ట్రింగ్? ఎంత బిగువు?

కోల్‌కతాలో టెన్నిస్ అనగానే గుర్తొచ్చేది సౌత్ క్లబ్. 1920లో మొదలైన ఈ క్లబ్ పచ్చిక కోర్టులపైనే 1966లో రామనాథన్ కృష్ణన్ బృందం బ్రెజిల్‌ను ఓడించి డేవిస్ కప్ తుదిపోరుకు చేరింది. 2019లో ఇటలీతో భారత్ ఆడిందీ ఇక్కడే. ఇంత చరిత్ర ఉన్న నగరంలో పిల్లల్ని కోచింగ్‌కు పంపే తల్లిదండ్రులు రాకెట్ కొనేటప్పుడు నాలుగు షాపులు తిరుగుతారు. గట్టింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘పెద్ద ఆటగాళ్లు వాడేదే వేయండి’ అనేస్తారు. చాలాసార్లు పొరపాటు జరిగేది అక్కడే.

పాలియెస్టర్ ఎవరికి?

స్ట్రింగ్స్ ప్రధానంగా నాలుగు రకాలు. పశువుల పేగుల నుంచి తయారయ్యే నేచురల్ గట్ చాలా మెత్తన, ధరా ఎక్కువే. సన్నని పోగులెన్నో కలిపి చేసే మల్టీఫిలమెంట్ దాని తర్వాతిది. సింథటిక్ గట్ అంటే నైలాన్, ధర తక్కువ. నాలుగోది గట్టిగా ఉండే పాలియెస్టర్. 1997లో గుస్తావో కుయెర్టెన్ దీనితో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ప్రొఫెషనల్ టెన్నిస్ దీనివైపు మళ్లింది.

పాలియెస్టర్ గొప్పదనం స్పిన్. బంతి తగిలినప్పుడు నిలువు తీగలు పక్కకు జరిగి, వెంటనే వెనక్కి వచ్చి బంతిని తిప్పుతాయి. అయితే రాకెట్ చాలా వేగంగా తిరిగితేనే ఈ లాభం. పదేళ్ల పిల్లల చేతిలో ఆ వేగం ఉండదు. బంతి స్ట్రింగ్స్‌పై నిలిచేది సెకనులో 200వ వంతు. ఆ కాస్త సమయంలో తీగ సాగకపోతే అదురు ఎక్కువగా చేతికి చేరుతుంది. ఎముకలింకా పెరిగే వయసులో మణికట్టు, మోచేయి, భుజంపై ఆ భారం రోజూ పడుతుంది.

‘ఇది తెగదు, డబ్బు కలిసొస్తుంది’ అన్నది మరో మాట. పాలియెస్టర్ తెగకపోయినా సాగే గుణాన్ని త్వరగా కోల్పోతుంది. పెద్దవాళ్లు తెంపేస్తారు కాబట్టి మార్చుతారు. పిల్లల చేతిలో తెగదు కనుక జీవం పోయిన తీగతోనే నెలల తరబడి ఆడతారు.

వయసును బట్టి

19 నుంచి 25 అంగుళాల చిన్న రాకెట్లకు కంపెనీ వేసిన స్ట్రింగ్స్ చాలు. 26 అంగుళాల గ్రాఫైట్ రాకెట్‌కు గానీ, 27 అంగుళాల పూర్తి సైజుకు మారినప్పుడు గానీ సింథటిక్ గట్ లేదా మల్టీఫిలమెంట్ వేయించడం మేలు. మందం 1.25 నుంచి 1.30 మిల్లీమీటర్లు సరిపోతుంది. టీనేజీలోకి వచ్చి, బలంగా కొడుతూ నైలాన్‌ను తరచూ తెంపుతుంటే అప్పుడు నిలువుగా పాలియెస్టర్, అడ్డంగా మెత్తని తీగ కలిపిన హైబ్రిడ్‌తో మొదలుపెట్టవచ్చు.

బిగువు ఎంత?

బిగువు పెరిగితే బంతి వేగం కొంత తగ్గుతుంది, అదురు పెరుగుతుంది. తగ్గితే బంతి మరికొంత దూరం వెళ్తుంది, చేతికి సుఖం. పిల్లల బంతులు సాధారణంగా నెట్ దాటి పొట్టిగా పడతాయి. కాబట్టి రాకెట్‌పై 50-60 పౌండ్లు అని ఉంటే 50 దగ్గర మొదలుపెట్టాలి. బంతులు పదే పదే గీత దాటుతుంటే తర్వాతి గట్టింగ్‌లో 2 పౌండ్లు పెంచి చూడాలి. పాలియెస్టర్ కలిపితే మరికొంత తగ్గించాలి. యంత్రాన్ని బట్టి, పనివాడి చేతిని బట్టి అదే అంకె వేరుగా అనిపిస్తుంది. అందుకే ఒకే చోట వేయించి తేదీ, రకం, బిగువు రాసిపెట్టుకోవాలి.

కోల్‌కతా వాతావరణం

నేచురల్ గట్‌కు తేమే శత్రువు. వానాకాలం పొడవునా గాలి చెమ్మగా ఉండే ఈ నగరంలో పిల్లలకు అంత ఖర్చు పెట్టడం దండగ. వేసవిలో రాకెట్‌ను కారు డిక్కీలో వదిలేస్తే ఏ తీగైనా వదులవుతుంది. శీతాకాలం ఉదయాల్లో బంతి తక్కువ ఎగురుతుంది, తీగ బిగుసుకున్నట్టు ఉంటుంది. ఆ నెలల్లో 2 పౌండ్లు తగ్గించడం మంచిది.

ఎప్పుడు మార్చాలనేదానికి పాత లెక్క ఒకటుంది: వారానికి ఎన్ని రోజులు ఆడితే ఏడాదికి అన్నిసార్లు. నాలుగు రోజులు ఆడే పిల్లలకు మూడు నెలలకోసారి అన్నమాట.

చేతినొప్పికి స్ట్రింగ్ ఒక్కటే కారణం కాదు. రాకెట్ బరువు, గ్రిప్ సైజు, శిక్షణ గంటలూ చూడాలి. నొప్పి తగ్గకపోతే ఆట ఆపి డాక్టర్‌కు చూపించాలి. పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడరాదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. వారికి నెమ్మదైన ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులే. బంతికి వర్తించిన ఆ ఆలోచన తీగకూ వర్తిస్తుంది: పరికరమే పిల్లలకు తగ్గట్టు ఉండాలి.