అడవిలో కాలిబాట

పశువులను తోలుకొని, కట్టెలమోపులు మోసుకొని, సంతలకు పోతూ తరతరాలుగా మన పల్లెప్రజలు నడిచిన జాడలే కాలిబాటలయ్యాయి. వాటిని ఎవరూ గీతగీసి నిర్మించలేదు. నేటి నగరవనాలలోని నడకదారులు అట్లా ఏర్పడినవి కావు. అవి ఆలోచించి అమర్చినవి. మనుషులకు అడవిని చూపడం, మనుషుల నుండి అడవిని కాపాడడం అనే రెండు ప్రయోజనాలు వాటికి ఉన్నాయి.

హైదరాబాదు జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం ఇందుకు చక్కని ఉదాహరణ. మాజీ ముఖ్యమంత్రి పేరు గల ఈ వనం విస్తీర్ణం సుమారు 390 ఎకరాలు. 1998లో దీనికి జాతీయ ఉద్యానవన హోదా లభించింది. గ్రానైటు బండల నడుమ వేప, సీతాఫలం వంటి చెట్లు, పొదలు పెరిగిన ఈ అడవి వేసవిలో మోడువారి, తొలకరితో మళ్ళీ చిగురిస్తుంది. చుట్టూ వాహనాల రొద వినిపిస్తున్నా లోపల నెమళ్ళు తిరుగుతుంటాయి.

అడవినేల ఊరకే ఉండే మన్ను కాదు. రాలిన ఆకులు, అల్లుకొన్న వేళ్ళు, వానపాములు తొలిచిన రంధ్రాలు వాననీటిని భూమిలోకి ఇంకింపజేస్తాయి. పదేపదే తొక్కిన చోట మన్ను గట్టిపడి ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు ఇంకక, పైమట్టిని కోసుకొంటూ పారుతుంది, చెట్లవేళ్ళు బయటపడతాయి. బాట వేసినచోట ఈ నష్టం కొంత తప్పదు. దానిని ఒక సన్నని చారకు పరిమితం చేయడమే మంచి బాట లక్షణం. అందుకే అది వాలుకు అడ్డంగా, మెలికలు తిరుగుతూ సాగుతుంది. నిటారుగా దిగే బాట వానకాలంలో కాలువగా మారుతుంది.

'అడ్డదారి తొక్కడం' అనే జాతీయాన్ని మనం నీతి తప్పినవారి విషయంలో వాడుతాం. అడవిలో దాని వాచ్యార్థమే ప్రమాదకరం. ఒకరు మలుపు తప్పించుకొని పొదల్లోంచి నడిస్తే గడ్డి నలుగుతుంది; పదిమంది అనుసరిస్తే కొత్తబాట పుడుతుంది. ఆడనెమలి నేలమీదే, పొదల మాటున గుడ్లు పెడుతుందని ఆ తొందరలో ఎవరికి గుర్తుంటుంది?

అయితే మనుషులను పూర్తిగా దూరంగా ఉంచడమూ అడవికి రక్ష కాదు. ఈ వనం చుట్టూ వంతెనల నిర్మాణానికై చెట్లు తొలగించాలన్న ప్రతిపాదన 2016లో వచ్చినపుడు నగరవాసులు నిరసన తెలిపారు. వారిలో నిత్యం అక్కడ నడిచేవారూ ఉన్నారు. ఎరిగిన చెట్టును నరుకుతామంటే మనసు ఊరుకోదు. ఆ ఎరుకను కలిగించేది కాలిబాటే. దానిని దాటకుండా నడవడం మనం అడవికి చెల్లించవలసిన చిన్న సుంకం.