ఇంట పుట్టిన కోడె - పశుప్రదర్శన



సంక్రాంతి వెళ్లి, కళ్లములు ఊడ్చుకొని, ధాన్యము ఇల్లు చేరిన పిదప మన పల్లెలలో తిరునాళ్ల కాలము వచ్చును. గుంటూరు, ప్రకాశము, నెల్లూరు సీమలలోని అనేక గ్రామములందు ఒంగోలు జాతి పశువుల ప్రదర్శనలు జరుగునదియు ఈ కాలముననే. ఒకవైపు బండలాగుడు పందెములు, ఒకవైపు పాలపోటీలు, మరియొకవైపు జాతిలక్షణములను చూచి బహుమతులిచ్చు పోటీలు. జనము బండ చుట్టును మూగియుందురు. నేను నేడు మీతో ముచ్చటింపదలచినది జనము పలుచగా నుండు ఆ మూడవ వైపును గురించి. అందును, తన కొట్టములో పుట్టిన దూడను తానే పెంచి, పలుపు పట్టుకొని అచ్చటికి వచ్చు సామాన్యరైతును గురించి.

అతడు ఏల రావలెను? బండి కిరాయి, మనుష్యుల కూలి, ఒకనాటి పని చెడుట, వీటిని లెక్కించినచో వచ్చిన బహుమతి దారిఖర్చునకే చాలదు. రాకపోయినను పోటీ ఆగదు. అయినను అతడు రావలెననియే నా మనవి. కారణము తెలియవలెనన్న, ఈ జాతి యెట్లు తయారైనదో ముందుగా చెప్పుకొనవలెను.

ఒంగోలు జాతిని ఏ ప్రభుత్వక్షేత్రమును సృష్టింపలేదు. గుండ్లకమ్మ పరిసరములలో తరతరాలుగా పశువులను పెంచిన రైతులే దానిని తీర్చిదిద్దిరి. ఇంటిపెద్ద గతించినపుడు ఆయన పేర ఒక కోడెను దేవునికి వదలుట పూర్వాచారము. ఏదో యొక కోడెను వదలిన ఊరు ఒప్పుకొనెడిది కాదు. పెద్దలు కూడి చూచెడివారు. దాని తల్లి పాలెన్ని ఇచ్చును, తోడబుట్టినవి అరక కెట్లు పనికివచ్చినవి, తండ్రి యే యాబోతు అను సంగతులు ఊరందరికిని నోటిమీద నుండెడివి. అచ్చువేసి వదలిన యా యాబోతు ఏ చేనిలో మేసినను కొట్టువారు లేరు. దాని సంతానమే ఊరి మంద. అనగా, ఆనాడు ఊరే ప్రదర్శనశాల, ఊరిపెద్దలే న్యాయనిర్ణేతలు, వారి జ్ఞాపకమే వంశావళి గ్రంథము.

నేడు ఆ యాచారము సన్నగిల్లినది. ట్రాక్టరు వచ్చి అరక మూలబడినది. పాలకొరకు రైతులు గేదెలను, సంకరజాతి ఆవులను కట్టుకొనిరి. మంచి కోడెను గుర్తించి, దానిని విత్తనమునకు నిలుపు బాధ్యత ఊరిచేతినుండి జారిపోయి పశుప్రదర్శనపై పడినది. కనుకనే ప్రదర్శన ఒక వేడుక మాత్రము కాదు. ఏ కోడె ఆబోతుగా నిలువవలెను, ఏది నిలువరాదు అను నిర్ణయము అచ్చట జరుగవలసియున్నది.

ఇక అచ్చట చూచునదేమి? ముందుగా పళ్లు చూతురు. పశువునకు ముందుపళ్లు క్రింది దవడకే యుండును. పాలపళ్లు ఊడి, సుమారు రెండున్నర యేండ్లకు రెండు పళ్లు, మూడు మూడున్నర యేండ్లకు నాలుగు, నాలుగేండ్లకు ఆరు, ఐదేండ్లు వచ్చునప్పటికి ఎనిమిది పళ్లు వచ్చును. పాలపళ్ల దూడను పాలపళ్ల దూడతోడను, రెండు పళ్ల కోడెను రెండు పళ్ల కోడెతోడను పోల్చుటయే న్యాయము. యజమాని చెప్పిన వయస్సు కంటె పళ్లు చెప్పిన వయస్సే ప్రమాణము.

తరువాత జాతిలక్షణములు. ఒంటిరంగు తెలుపు. కోడెకు వయస్సు వచ్చినకొలది తలమీదను, మెడమీదను, మూపురముమీదను నలుపు కలిసిన బూడిదరంగు దేరును. కొమ్ములు పొట్టివి, మొదట లావుగా నుండి వెలుపలికి, వెనుకకు సాగును. నుదురు విశాలము. కంటిరెప్పల వెండ్రుకలు నల్లనివి; కంటిచుట్టును కాటుక తీర్చినట్లు నల్లని వలయ ముండవలెను. ముట్టె నలుపు, గిట్టలు నలుపు, తోకకుచ్చు నలుపు. మూపురము నిటారుగా నిలువవలెను గాని ప్రక్కకు ఒరుగరాదు. గంగడోలు మడతలు మడతలుగా బొడ్డువరకు వ్రేలాడవలెను. తెల్లని ముట్టె, తెల్లని తోకకుచ్చు, ఒంటిపై ఎఱ్ఱని మచ్చలు దోషములు. దూడ పుట్టినపుడు మాత్రము కొంత ఎరుపుజీర కనబడుట కలదు. నెలలు గడచినకొలది అది తెల్లబడును. దానిని చూచి దూడను తీసివేయరాదు.

ఇవి కంటికి కనబడునవి. వీటికంటె ముఖ్యమైనది నడక. వెనుకకాలు ముందుకాలి అడుగు దగ్గరకు చక్కగా పడుచున్నదా, కాళ్లు ఒకదాని నొకటి ఒరయుచున్నవా, వీపు తిన్నగా నున్నదా అని నడిపించి చూతురు. నిలబెట్టినపుడు దాగిన లోపము నడకలో బయటపడును.

ఇట్టి పశువును ప్రదర్శనకు నెల ముందర తయారుచేయుదమన్న కుదరదు. ప్రదర్శన పని దూడ పుట్టిన గడియనుండియే ఆరంభమగును. ఆవు ఈనగానే ఇరుగుపొరుగులకు జున్నుపాలు పంచుట మన మర్యాద. మంచిదే గాని, ఆ పాలలో మొదటి హక్కు దూడది. పుట్టిన గంటలోపల ముఱ్ఱుపాలు దూడ కడుపులో పడవలెను. రోగమునెదుర్కొను శక్తి దానికి తల్లిగర్భమున రాదు. ఆ పాలవలననే వచ్చును. ఒక దినము గడచినచో ఆ శక్తిని దూడ ప్రేగులు గ్రహింపజాలవు. దూడ త్రాగి మిగిలినదే జున్నునకు.

పది పదునైదు దినములలో ఏలికపాములకు మందు పోయింపవలెను. ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన చొప్పున మరల మరల వేయింపవలెను. పాలు మఱపించిన పిదప దూడను మరచిపోవుట మన కొట్టములలో జరుగు పెద్ద తప్పు. పాలిచ్చు తల్లికి తవుడు, చెక్క పెట్టుదుము. దూడకు తల్లి వదలిన చొప్పమోళ్లు పెట్టుదుము. ఆరవనెల మొదలు రెండేండ్లవరకు ఎముక పెరుగు కాలము. జొన్నచొప్పతోపాటు పిల్లిపెసర, జనుము వంటి పచ్చిమేతయు, కొంచెము చెక్కయు, తవుడును, ఉప్పును, ఖనిజలవణ మిశ్రమమును ఈ కాలముననే కావలెను. ఎముక పెరుగవలసినపుడు పెట్టక, ప్రదర్శనకు ముందు ఉలవలు, పత్తివిత్తులు గుమ్మరించినచో కొవ్వు పట్టును గాని చట్రము పెరుగదు. తెలిసినవాడు చేతితో ప్రక్కటెముకలు తడిమి ఈ తేడా పట్టుకొనును.

మేతయెంతో మచ్చికయు అంతే. ముకుతాడు వేసిన నాటినుండి దినమునకు అరగంట కోడెను వీధిలో నడిపింపవలెను. క్రొత్త మనుష్యులు తాకినను బెదరక నిలుచుట నేర్పవలెను. ఇది చేయక నేను పడిన పాటు చెప్పెదను.

నా చిన్నతనమున మా యింట ఒక కోడె పుట్టినది. రెండు పళ్లు వేయునప్పటికి చూచినవారెల్లరు ఆగి చూచునంత చక్కగా నెదిగినది. ఒక బేరగాడు వచ్చి, విత్తులు కొట్టించి ఇచ్చినచో మంచి ధర ఇత్తుననెను. ఆ యేడు మిరప పోయినది, ఇంట సొమ్మవసరము. మా నాయనగారు వారము దినములు ఆలోచించి, "పదిమందీ చూసే చోటికి తీసుకెళ్దాం. తెలిసినవాళ్లు ఏమంటారో విని అప్పుడు ఇద్దాం" అనిరి. పలుపు పట్టుకొనునది నేను.

మా కోడె అంతకుముందు మైకు వినలేదు, డప్పు వినలేదు. బరిలోనికి పోగానే ముందుకాళ్లు ఊని నిలిచిపోయినది. లాగిన రాదు, అదలించిన కదలదు. నవ్వినవారు నవ్విరి. బహుమతి నలుబది దినముల క్రిందట సంతలో కొని మేపిన మరియొక కోడెకు పోయినది. మేము మరలివచ్చుచుండగా న్యాయనిర్ణేతలలో వృద్ధుడైన పశువైద్యు డొకరు మా వద్దకు వచ్చి కోడె మూపుమీద చేయి వేసిరి.

"దీని తల్లి పూటకెన్ని పాలిస్తుందండీ?"

"మా ఇంటికి సరిపోతాయయ్యా."

"తండ్రి ఎవరు?"

"ఊళ్లో ఆబోతేనండి. ఇప్పుడు లేదు."

ఆయన కొంతసేపు ఊరకుండి, "మీ కోడె అందం నాకు కనబడిందండీ. దాని వెనకున్నది కనబడలేదు. అది చెప్పవలసినవారు మీరే. ఒక్క యేడాది విత్తులు కొట్టించకండి, దీనికి పుట్టే దూడల్ని చూడండి" అని చెప్పి వెడలిపోయిరి.

ఆనాటి సాయంకాలమునుండి మా అమ్మగారు పాలు పితికిన ప్రతిపూటయు కొట్టము గోడమీద సున్నముతో గీతలు గీయ నారంభించిరి. సోలకొక గీత. కోడెను అమ్మలేదు. ఆ సంవత్సరము అప్పు తెచ్చుకొంటిమి. మా కోడెకు పుట్టిన దూడలు ఎదిగిన పిదప, మా ఊరివారు తమ ఆవులను మరియొక ఊరికి తోలుకొనిపోవుట మానిరి. మాకు వచ్చిన బహుమతి అదియే.

ఆ వృద్ధుని మాటయే నేను మీకు చెప్పదలచిన మాట. ప్రదర్శనలో ఒక్క దినమున ఒక్క పశువు కనబడును; దాని తల్లి కనబడదు, తండ్రి కనబడడు, పెంచిన చేయి కనబడదు. సంతలో కొనితెచ్చిన కోడె యెంత అందమైనదైనను, దాని పుట్టుక తెలియనిచో అది విత్తనమునకు నమ్మకమైన సాక్ష్యము కానేరదు. ఇంట పుట్టిన కోడెను తెచ్చిన రైతు మాత్రమే ఆ సాక్ష్యము చెప్పగలడు. అతడు రాకపోయిన ప్రదర్శన అందపుపోటీగనే మిగులును.

ఇతర దేశములవారు ఈ సంగతి గ్రహించిరి. అమెరికాలో కౌంటీ అనబడు జిల్లాలయందు ఏటేట జరుగు ప్రదర్శనలకు 4-హెచ్ సంఘముల బాలబాలికలు తాము పెంచిన దూడలను తామే నడిపించుకొని వత్తురు. అచ్చట పశువును చూచి ఇచ్చు బహుమతి వేరు. పశువును మచ్చిక చేసి, శుభ్రపరచి, చక్కగా నిలిపి చూపిన నేర్పునకు ఇచ్చు బహుమతి వేరు. అచ్చటి అనేక ప్రదర్శనలలో తమ మందలో పుట్టించి తామే పెంచిన పశువులకు ప్రత్యేకముగా ఒక తరగతి యుండును.

బ్రెజిల్ సంగతి మనకు మరింత దగ్గరిది. 19వ శతాబ్దిలోనే మన పశువులు అచ్చటికి చేరెను. నెల్లూరు పేరే వారి నోట నెలోరె అయినది. ఒంగోలు సమీపముననున్న కరవది గ్రామము పేరు గల ఆబోతు 1960వ దశకపు తొలి సంవత్సరములలో సముద్రము దాటిపోయి, అచ్చటి వంశావళులలో మూలపురుషునివలె నిలిచినది. 2023లో అచ్చట ఒక నెలోరె ఆవులో మూడవవంతు వాటాయే సుమారు 70 లక్షల రియాలులకు అమ్ముడుపోయినది. అంత ధర పలికినది తెల్లని చర్మమునకు కాదు. దాని వెనుకనున్న తల్లిదండ్రుల లెక్కలకు. పశువు మనది, లెక్క వ్రాసికొన్నవారు వారు.

లెక్క వ్రాయుట నేడు మనకును కష్టము కాదు. పశువు చెవికి వేయు పసుపుపచ్చని బిళ్లమీద 12 అంకెల సంఖ్య యున్నది. ఆ సంఖ్యక్రింద ఒక నోటుపుస్తకములో మూడు సంగతులు వ్రాయుడు: దూడ పుట్టిన తేది, తల్లి ఈతకు ఇచ్చిన పాలు, తండ్రి యాబోతు పేరు లేక వాడిన వీర్యపు సంఖ్య. ప్రదర్శన సంఘములవారికి నా విన్నపము: ఈ మూడు సంగతులు చూపగలిగిన ఇంటిపెంపకపు పశువులకు ఒక బహుమతిని వేరుగా నుంచుడు. అది చిన్నదైనను సరియే.

ప్రదర్శనకు పోవువారికి చివరిమాటలు రెండు. గాలికుంటు, గొంతువాపు, ముద్దచర్మవ్యాధులకు టీకాలు కనీసము మూడు వారములకు ముందే వేయింపుడు. నలుగురి పశువులు కూడినచోట రోగమును కూడును. తిరిగివచ్చిన పశువును రెండు మూడు వారములు మందలో కలుపక, వేరుగా కట్టి, వేరుగా నీరు పెట్టుడు.

మా కొట్టము గోడకు ఎన్నోమారులు వెల్లవేసితిమి. ఆ గీతలున్న మూలకు మాత్రము ఇప్పటికిని కుంచె తగులనీయలేదు. ఈ యేడు ఎవరి కొట్టములోనైన మంచి కోడె యున్నచో, బేరగానికి మాట యిచ్చుటకు ముందు ఒక్కమారు దానిని పదిమందిలోనికి నడిపించుకొని రండు.