వార్తల్లో పదం: సైలెంట్ కరప్షన్

ఫైలు పేరు ఉంటుంది, సైజూ మారదు. తెరిస్తే పెళ్లి ఫొటోలో కింది సగం బూడిదరంగు పట్టీ! ఏ హెచ్చరికా లేకుండా డేటా ఇలా పాడవడమే సైలెంట్ కరప్షన్.

దీనికి వేడీ ఒక కారణం కావచ్చు. 2025 మే 24న అబుదాబీ ఎమిరేట్‌లోని స్వైహాన్‌లో 51.6 డిగ్రీల ఎండ కాసింది. దుబాయ్, షార్జాల్లోని మనవాళ్లు వేసవి సెలవులకు ఏసీ కట్టేసి ఊరికొస్తే, మూసిన ఫ్లాట్‌లో ఫైళ్లు దాచుకునే నాస్ (నెట్‌వర్క్ స్టోరేజ్) పెట్టె ఉడుకుతూనే ఉంటుంది. చాలా హార్డ్ డిస్కుల ఉష్ణోగ్రత పరిమితి 60 డిగ్రీల దగ్గరే.

అయినా ప్రతిదానికీ డిస్కును తిట్టడం అన్యాయం. కొత్తగా కాపీ చేసినవే పాడవుతుంటే ముందు ర్యామ్‌ను అనుమానించాలి; దాన్ని పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడపాలి. డిస్కు తన ఆరోగ్యంపై ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో సీఆర్‌సీ (డేటా బదిలీ) ఎర్రర్లు పెరుగుతుంటే దోషం చాలావరకు డిస్కును కలిపే సాటా కేబుల్‌దే. మార్చాక ఆ అంకె సున్నా కాదు, పెరగడం ఆగుతుంది.

డేటాను ఒకటికి రెండు డిస్కుల్లో రాసే రైడ్ ఉందిలే అన్న ధీమా వద్దు. రెండు కాపీల్లో తేడా వస్తే ఏది అసలో మామూలు రైడ్‌కు తెలియదు. 2005లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ ప్రతి డేటా బ్లాకుకూ చెక్‌సమ్ (సరిచూసే సంఖ్య) రాసుకుంటుంది; స్క్రబ్ అనే తనిఖీ నడిపితే చెడినదాన్ని పట్టుకుని మంచి కాపీతో సరిచేస్తుంది.

దోషం ఎక్కడుందో తేలేదాకా నాస్‌లో కొత్తవేవీ పెట్టకండి, పాత బ్యాకప్‌ను చెరపకండి.