తాకినది ఒక తెర, స్పందించినది మరొక తెర

ఒక తరగతిగదిలో ఉపాధ్యాయుల బల్లపై లాప్‌టాప్, దానికి మౌసు, గోడకు పెద్ద టచ్‌స్క్రీన్ ఉన్నవనుకొందాము. పెద్ద తెరను లాప్‌టాప్ తెరకు కుడివైపు పొడిగింపుగా అమర్చి, దానిమీద త్రిభుజము చూపుతున్నారు. ఉపాధ్యాయులు త్రిభుజానికి కుడివైపు పైమూలనున్న శీర్షాన్ని వ్రేలితో తాకగానే, త్రిభుజము కదలలేదు సరికదా, లాప్‌టాప్‌లో తెరచియున్న మార్కుల పట్టిక మూతపడింది! తెర చెడినదని వెంటనే మెకానిక్కుకు కబురు పంపుతారు. నిజానికి అక్కడ చెడినది ఏదీ లేదు.

పెద్ద తెరకు సాధారణముగా రెండు తీగలుంటాయి. హెచ్.డి.ఎం.ఐ. తీగ బొమ్మను కంప్యూటరు నుండి తెరకు తీసికొనిపోతుంది. యు.ఎస్.బి. తీగ వ్రేలి స్పర్శను తెరనుండి కంప్యూటరుకు తెస్తుంది. (మొదటి తీగ ఒక్కటే తగిలిస్తే బొమ్మ కనిపిస్తుంది గాని తాకినా ఫలితముండదు.) మన కంటికి బొమ్మా, స్పర్శా ఒకే గాజుపలకపై ఉన్నవి. కంప్యూటరుకు మాత్రము అవి రెండు వేరువేరు పరికరాలు. ఈ స్పర్శ ఏ బొమ్మకు చెందినదో ఎవరో ఒకరు దానికి తెలుపవలసి ఉన్నది.

మౌసుతో ఈ బెడద లేదు. 1964లో స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహను అనుసరించి బిల్ ఇంగ్లిష్ తయారుచేసిన మొదటి మౌసు ఒక కొయ్యపెట్టె. దాని అడుగున ఒకదానికొకటి లంబముగా రెండు చక్రాలుండేవి. ఇప్పుడు చక్రాల స్థానములో కాంతి పనిచేస్తున్నది, సూత్రము మారలేదు. మౌసు తాను ఎక్కడ ఉన్నదో చెప్పదు, ఎటు ఎంత జరిగినదో మాత్రమే చెబుతుంది. బాణపు గుర్తు ఉన్నచోటి నుండి అంతదూరము జరుగుతుంది. ఒక తెర అంచు దాటి రెండవ తెరలోకి పోతుంది.

టచ్‌స్క్రీన్ అట్లు కాదు. అది స్థానాన్నే నిరూపకాలుగా పంపుతుంది. ఒక్కొక్క తెర వెడల్పు 1920 పిక్సెళ్లనుకొంటే రెండూ కలిసి 3840. కుడి తెరను సరిగా మధ్యలో తాకితే పరికరము పంపేది "వెడల్పులో సగము" అనే సమాచారమే. సరియైన స్థానము 1920+960, అనగా 2880. కంప్యూటరు ఆ సగాన్ని లాప్‌టాప్ తెరకు అన్వయిస్తే 960 వస్తుంది. మార్కుల పట్టిక మూతపడినది ఇందువల్లనే. రెండు తెరల మొత్తానికి అన్వయిస్తే 1920, అనగా తెరలు కలిసే గీత! ఈ చివరి పద్ధతిలో ఏ స్థానము వద్ద తప్పు సున్న అవుతుందో విద్యార్థులు బీజగణితముతో కనుగొనవచ్చు. కుడి అంచు ఒక్కటే దొరుకుతుంది.

పరిష్కారము తేలిక. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని "టాబ్లెట్ పి.సి. సెట్టింగ్స్"లో సెటప్ అనే మీటను నొక్కితే ఒక తెరపై ప్రశ్న కనిపిస్తుంది. అది టచ్‌స్క్రీన్ అయితే తాకవలెను, కాకుంటే ఎంటర్ నొక్కి తరువాతి తెరకు పోవలెను. లినక్స్‌లో ఎక్స్ విండో పద్ధతి వాడేచోట "ఎక్స్ఇన్‌పుట్" అనే ఆదేశముతో ఇదే పని చేయవచ్చు.

ఇంతతో స్పర్శ దారికి వస్తుంది గాని, మౌసుకూ వ్రేలికీ పోటీ మిగిలే ఉంటుంది. విండోస్‌లో బాణము ఒక్కటే. లాప్‌టాప్‌పై మౌసుతో పనిచేస్తుండగా ఒక విద్యార్థి పెద్ద తెరను తాకితే, సాధారణముగా బాణము అక్కడికి పోతుంది; మౌసు కదల్చినప్పుడు అక్కడినుండే బయలుదేరుతుంది. 2009లో ఎక్స్ విండో పద్ధతిలో ఒకటికన్న ఎక్కువ బాణాలకు వీలు కల్పించారు. కాని పెక్కు ప్రోగ్రాములు బాణము ఒక్కటే ఉంటుందనే భావనతో వ్రాసినవి కనుక, ఆ వసతి వాడుకలో అంతగా వ్యాపించలేదు.

కీబోర్డు సంగతి ఇంకా చిక్కు. తాకిన విండోయే ముందుకు వస్తుంది గనుక, ఉపాధ్యాయులు మార్కుల పట్టికలో టైపు చేస్తున్న అంకెలు, విద్యార్థి పెద్ద తెరను తాకిన క్షణము నుండి త్రిభుజమున్న విండోకు పోతాయి.