మెక్సికో దేశపు పాతపట్టణములు

మెక్సికో నగరమునకు వాయవ్యమున సుమారు 200 కిలోమీటర్ల దూరమున కెరెతరో యను పట్టణము కలదు. స్పెయిను వారు ఆ దేశమును మున్నూరేండ్లు పాలించిన కాలమున నిర్మించిన పట్టణములలో నిది యొకటి. వెండిగనులకు పోవు బాటపై నుండుటచే నిది సంపన్నమయ్యెను. ఊరిలోనికి మంచినీరు తెచ్చుటకై 1726-1738 సంవత్సరముల నడుమ కట్టిన కాలువ 74 రాతికమానులపై నేటికిని నిలిచియున్నది. యాత్రికులు ముందుగా దానినే చూతురు. మమ్ము మిక్కిలి యాకర్షించినది మాత్రము ఊరినడుమనున్న యొక మేడ. నేడది ప్రభుత్వభవనము, 1810లో నగరాధికారి నివాసము.

ఆ యధికారి భార్య హొసేఫా ఓర్తీస్, పెక్కుమంది బిడ్డల తల్లి. స్వాతంత్ర్యము కోరువారు సాహిత్యగోష్ఠి యను మిషతో కూడుచుండగా, ఆమెయు వారితో చేరెను. 1810 సెప్టెంబరులో ఆ గుట్టు బయటపడెను. భర్త యామెను ఇంట నుంచి తాళము వేసెను. ఆమె కాలిమడమతో నేలను తట్టి, క్రింద నున్న చెరసాల యధికారిని పిలిచి, వార్త నందించెనని చెప్పుదురు. అతడు వెంటనే గుఱ్ఱమెక్కెను.

ఆ వార్త పోయిన బాటనే మేమును పయనించితిమి. మొదట సాన్ మిగెల్. రాళ్లు పరచిన యిరుకువీధులు, గులాబివన్నె రాతితో కట్టిన చర్చి. పిదప దొలోరెస్ గ్రామము. సెప్టెంబరు 16వ తేదీ వేకువను ఇదాల్గో యను మతగురువు చర్చిగంట మ్రోగించి ప్రజలను పోరునకు పిలిచినది యిచ్చటనే.

అటుపిమ్మట గ్వానహ్వాతో చేరితిమి. ఇది కొండల నడుమ లోయలో నిమిడిన యూరు. రంగురంగుల యిండ్లు మెట్లు మెట్లుగా పైకి లేచియుండును. పూర్వము ఏరు ప్రవహించిన సొరంగములలో నేడు బండ్లు తిరుగుచున్నవి. ఊరిపైనున్న వలెన్సియానా గనివెండితో బంగారుపూత బలిపీఠముల చర్చి వెలసెను. ఆ వెండిని త్రవ్వి మోసిన కూలీల పేళ్లు మాత్రము ఏ గోడపైనను కానరావు. ఇచ్చటి ధాన్యపుకొట్టును తిరుగుబాటుదారులు సెప్టెంబరు 28న పట్టుకొనిరి. మరుసటి యేడు నలుగురు నాయకుల శిరస్సులను దాని నాలుగుమూలల వ్రేలాడదీసిరి; 1821లో స్వాతంత్ర్యము వచ్చువరకు అవి యట్లే యుండెను.

హొసేఫా కొన్నేండ్లు కన్యామఠములలో నిర్బంధమున నుండి, స్వతంత్రదేశమును కన్నులార జూచి, 1829లో మరణించెను. 1942 మొదలు కొన్నేండ్లు ఆమె ముఖము అయిదు సెంతావోల నాణెముపై నుండెను. కూరలు కొను ప్రతి యిల్లాలి చేతిలోను మెలగెను.

సోదరీమణులారా! ఈ పట్టణములను చూడబోవువారు కమానులను, గోపురములను చూచి మరలినచో చాలదు. కెరెతరోలో ఆ మేడ ముందు కొంతసేపు నిలువుడు. తాళము వేసిన తలుపునకు వెనుకనుండియే ఒక గృహిణి దేశమునకు కబురు పంపినది.