కమలా హారిస్‌ కోసం 19.08 డాలర్ల విరాళాలు.. ఆ అంకె వెనుక కథేంటి? అమెరికా కాలేజీల ‘ఫ్రాటర్నిటీ’ల గురించి తెలుసా?

2020 ఆగస్టు. అమెరికా ఉపాధ్యక్ష అభ్యర్థిగా కమలా హారిస్ పేరు ప్రకటించారు. ఆ వెంటనే ప్రచార నిధికి విరాళాలు పోటెత్తాయి. వాటిలో వేల విరాళాలు సరిగ్గా ఒకే మొత్తం.. 19.08 డాలర్లు!

ఇదేం లెక్క అనుకుంటున్నారా? అది 1908కి గుర్తు. హోవార్డ్ యూనివర్సిటీలో నల్లజాతి అమ్మాయిలు ‘ఆల్ఫా కప్పా ఆల్ఫా’ అనే సంఘం పెట్టుకున్న ఏడాది అది. అక్కడ చదివేటప్పుడు 1986లో కమల అందులో చేరారు. డబ్బులు పంపింది ఆ సంఘం ‘సిస్టర్స్’. చదువై 30 ఏళ్లు దాటినా తెగని ఈ బంధం ఏంటి? ఓసారి చూద్దాం.

అసలు ఫ్రాటర్నిటీ అంటే?

సింపుల్‌గా చెప్పాలంటే కాలేజీ స్టూడెంట్స్ సంఘం. అబ్బాయిలదైతే ఫ్రాటర్నిటీ, అమ్మాయిలదైతే సొరోరిటీ. పేర్లు ఎక్కువగా గ్రీకు అక్షరాలే, అందుకే ‘గ్రీక్ లైఫ్’ అంటారు. చాలావాటికి సొంత ఇల్లు, బ్యాడ్జ్, రహస్య ప్రమాణం ఉంటాయి. చేరాలంటే ఫీజు కడితే సరిపోదు, లోపలివాళ్లు ఒప్పుకోవాలి.

1776లోనే మొదలు

1776 డిసెంబర్ 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ‘ఫై బీటా కప్పా’ పుట్టింది. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని అప్పటికి ఐదు నెలలే! అది తర్వాత మెరిట్ స్టూడెంట్స్ గౌరవ సంఘంగా మారింది. ఇప్పుడు మనం చూసే తరహా సంఘాలకు దారి వేసింది మాత్రం 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో మొదలైన ‘కప్పా ఆల్ఫా సొసైటీ’.

మెంబర్లు మామూలోళ్లు కాదు

* రొనాల్డ్ రీగన్: టావ్ కప్పా ఎప్సిలాన్
* బుష్ తండ్రీకొడుకులు: డెల్టా కప్పా ఎప్సిలాన్
* నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్: ఫై డెల్టా థీటా
* మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్: ఆల్ఫా ఫై ఆల్ఫా
* మైకేల్ జోర్డాన్: ఒమెగా సై ఫై

రానివ్వకపోతే సొంతంగా పెట్టుకున్నారు

పాత సంఘాలు చాలాకాలం తెల్లజాతి వాళ్లకే పరిమితం. కొన్నైతే ఆ మాట రూల్స్‌లోనే రాసుకున్నాయి. దాంతో 1906లో కార్నెల్‌ యూనివర్సిటీలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు ‘ఆల్ఫా ఫై ఆల్ఫా’ను స్థాపించారు. చదువులో, కష్టంలో ఒకరికొకరు తోడుండాలన్నదే ఉద్దేశం. స్కూళ్లలో జాతి వివక్ష చెల్లదంటూ 1954లో సుప్రీంకోర్టులో కేసు గెలిచిన లాయర్ థర్గుడ్ మార్షల్ కూడా ఇందులో సభ్యుడే. ఇలాంటి తొమ్మిది సంఘాలనే ఇప్పుడు ‘డివైన్ నైన్’ అంటున్నారు.

తర్వాత దక్షిణాసియా పిల్లలూ ఇదే బాట పట్టారు. 1994లో బింగ్‌హామ్టన్‌లో ‘ఐయోటా ను డెల్టా’, 1998లో ఆస్టిన్‌లో ‘డెల్టా ఎప్సిలాన్ సై’, అదే ఏడాది హ్యూస్టన్‌లో అమ్మాయిల కోసం ‘డెల్టా ఫై ఒమెగా’ వచ్చాయి.

మరో కోణం.. ‘హేజింగ్’

కొత్తగా చేరేవాళ్లను పరీక్ష పేరుతో వేధించడమే హేజింగ్. మన ర్యాగింగ్‌కు అన్న లాంటిది. కాకపోతే ఓ తేడా ఉంది. ఇక్కడ మెంబర్‌షిప్ కోసం ఆ కుర్రాడు తనంతట తానే భరిస్తాడు. అందుకే నోరు విప్పడు.

2017లో పెన్ స్టేట్ యూనివర్సిటీలో 19 ఏళ్ల విద్యార్థితో కొత్త మెంబర్ల పార్టీలో విపరీతంగా మద్యం తాగించారు. మెట్ల మీద నుంచి పడిపోయాడు. దాదాపు 12 గంటల పాటు ఎవరూ 911కి ఫోన్ చేయలేదు. చివరికి ప్రాణాలు కోల్పోయాడు.

ఉమ్మడి ఏపీలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. అమెరికాలో రాష్ట్రాలకు చట్టాలున్నా, దేశమంతటికీ వర్తించే హేజింగ్ చట్టం 2024 డిసెంబర్‌లో వచ్చింది. ఏ సంఘం తప్పు చేసి దొరికిందో కాలేజీలు బయటపెట్టాల్సిందే.

పేరెంట్స్ ఏం చేయాలి?

ఎంఎస్‌కు వెళ్లేవాళ్లకు వీటితో పెద్దగా పని ఉండదు. ఇవి ఎక్కువగా డిగ్రీ స్టూడెంట్స్ సంఘాలు. మీ పిల్లలు బ్యాచిలర్స్‌కు వెళ్తుంటే, లేదా అక్కడే పుట్టి పెరిగి కాలేజీలో చేరుతుంటే, ముందు ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో హేజింగ్ రిపోర్ట్ చూడండి. చేరడం తప్పేం కాదు, జీవితాంతం తోడుండే స్నేహాలు దొరకొచ్చు. కానీ ‘ఇది ఇంట్లో చెప్పొద్దు’ అని ఎవరైనా అంటే మాత్రం, ముందు ఇంట్లోనే చెప్పాలని పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచండి.